తూలే పెద్దవాళ్లకు ఏ ఫిజియోథెరపీ? బెంగళూరులో ఇల్లు, క్లినిక్, ఆసుపత్రి మధ్య ఎంపిక

అమ్మానాన్నల్ని ఊరి నుంచి బెంగళూరు తెచ్చుకున్న తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "నాన్న నడుస్తుంటే తూలుతున్నాడండీ. ఇంటికొచ్చే ఫిజియోని పెట్టుకోమంటారా, క్లినిక్‌కి తిప్పమంటారా?" వెంటనే రెండోది: "సిట్టింగ్‌కి ఎంత?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది తూలు ఎక్కడి నుంచి వస్తోందన్నది. అది తేలకుండా ముందుకెళ్తే, ఐదు నిమిషాల్లో తగ్గాల్సిన జబ్బుకి మూడు నెలలు మోకాళ్ల వ్యాయామాలు చేయిస్తాం. లేదా ఓపిగ్గా కాళ్లలో బలం పెంచాల్సిన మనిషికి తల తిరుగుడు మాత్రలు మింగిస్తూ కూర్చుంటాం. నేను ఈ ఫిజియోథెరపీ పనిలోనే ఉన్నదాన్ని, కాబట్టి కింద మా వృత్తి మీద కూడా కొన్ని కటువైన మాటలు ఉంటాయి.

ముందు తూలు ఏ రకమో తేల్చుకోండి

మనిషి నిలకడగా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు. అందిన కబురుకి తగ్గట్టు సమయానికి కాలు వేయడానికి తొడల్లో, పిక్కల్లో బలం ఉండాలి. వయసు మీద పడేకొద్దీ ఇవన్నీ కొంత కొంత తగ్గుతాయి. ఎవరిలో ఏది ఎక్కువ తగ్గిందో పట్టుకోవడానికి స్కానింగ్ దాకా వెళ్లేలోపే నాలుగు ప్రశ్నలు చాలా చెబుతాయి. ఎప్పుడు వస్తోంది? ఎంతసేపు ఉంటోంది? గది గిర్రున తిరుగుతోందా, ఉత్త తూలేనా? చీకట్లో ఎక్కువవుతోందా?

పక్క మీద ఇటు నుంచి అటు తిరిగినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతోందంటే, మొదట అనుమానించాల్సింది బీపీపీవీని. లోపలి చెవిలో ఉండే సన్నని కాల్షియం స్ఫటికాలు తమ చోటు వదిలి పక్కనున్న నాళాల్లోకి జారిపోవడం వల్ల వస్తుంది ఇది. పరీక్ష కూడా మంచం మీదే. కూర్చోబెట్టి, తల ఒక పక్కకి 45 డిగ్రీలు తిప్పి, చురుగ్గా వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి కాస్త కిందకి వాలేలా పట్టుకుని కళ్లలోకి చూస్తాం. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పెద్దావిడ నా ముంజేతిని గట్టిగా పట్టేసుకుంటుంది. అరనిమిషంలో సద్దుమణుగుతుంది. అక్కడి నుంచే ఎప్లీ పద్ధతిలో తలని వరసగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతూ, ఒక్కో భంగిమలో అరనిమిషం పైన ఆపి, చివరికి లేపి కూర్చోబెడతాం. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చెవి వైద్యుడిగా పనిచేసిన జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ఇది. ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు సిట్టింగుల్లో తగ్గిపోతుంది. కొన్నాళ్లకి మళ్లీ రావడం మామూలే. వస్తే మళ్లీ చేయించుకోవడమే. దీనికి ఎవరైనా నెల రోజుల ప్యాకేజీ చెబితే మర్యాదగా లేచి వచ్చేయండి.

ఒక చిక్కు ఏమిటంటే, 75 దాటినవాళ్లలో కొందరు గిర్రున తిరుగుతోందని చెప్పరు. "ఏదో తేలిపోతున్నట్టుందమ్మా" అంటారు, అంతే. అందుకే తూలు ఉందని వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఈ పరీక్ష చేసి తీరాలని నా అభిప్రాయం. మెడ ఎముకల్లో తీవ్రమైన సమస్య ఉన్నవాళ్లకి మాత్రం పద్ధతి మార్చి చేయాల్సి వస్తుంది, ముందే చెప్పండి.

లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి, కాసేపటికి సర్దుకుంటోందంటే అది వేరే దారి. ఇంట్లో బీపీ మెషీన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ కాగితం పట్టుకుని వెళ్లాల్సింది ఫిజియో దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి. బీపీ మాత్రల డోసు, ప్రోస్టేట్ మాత్రలు, నీళ్లు సరిగ్గా తాగకపోవడం, ఇలాంటివే ఎక్కువగా బయటపడతాయి.

షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో అరికాళ్ల స్పర్శ తగ్గుతుంది. పగలు బాగానే నడుస్తారు, కరెంటు పోతే అడుగు పడదు. తలంటు పోసుకుంటూ కళ్లు మూసుకోగానే గోడ పట్టుకుంటారు. చెప్పు జారిపోయినా తెలియదు. మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్నవాళ్లు, పూర్తి శాకాహారులు బీ12 పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇలాంటివాళ్లకి ఫిజియోథెరపీ బాగా పనికొస్తుంది, కానీ నెమ్మదిగా.

ఇక ఉత్త బలహీనత. కుర్చీ చేతులు నొక్కకుండా లేవలేకపోవడం దీని ఆనవాలు. బెంగళూరుకి వచ్చిన అమ్మానాన్నల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఊళ్లో వాకిలి ఊడ్చి, ముగ్గేసి, బజారుకెళ్లి వచ్చే మనిషి ఇక్కడ తొమ్మిదో అంతస్తులో సోఫాకీ మంచానికీ మధ్య తిరుగుతుంది. ఏడాదిలో తొడలు కరిగిపోతాయి.

అడుగులు చిన్నవై నేలని రాసుకుంటున్నా, గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నా, నడకతో పాటు మతిమరుపూ మూత్రం ఆపుకోలేకపోవడమూ మొదలైనా న్యూరాలజిస్ట్‌ని ముందు కలవాలి. వ్యాయామం ఆ తర్వాత.

ఇవేవీ కాకుండా, ఉన్నట్టుండి తూలు మొదలై దాంతో మాట ముద్దగా రావడం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, అసలు నిలబడలేకపోవడం లాంటివి ఉంటే గంటలు కూడా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. పడిపోయి తలకి దెబ్బ తగిలినవాళ్లు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా డాక్టర్‌కి చూపించాలి. తల లోపల రక్తం నెమ్మదిగా చేరి వారాల తర్వాత బయటపడే సందర్భాలు ఉంటాయి.

మాత్రల మాట కూడా ఇక్కడే. తల తిరుగుడికని ఎప్పుడో రాసిన సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ రకం మందుల్ని ఏళ్లపాటు మందులషాపులో తెచ్చుకుంటూ వాడేవాళ్లున్నారు. పెద్దవాళ్లలో ఇవి దీర్ఘకాలం వాడితే మనిషి మందకొడిగా అయిపోయి, వణుకు, పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చు. నిద్రమాత్రలూ తూలు పెంచుతాయి. మీ అంతట మీరు ఆపేయకండి, చీటీలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి.

ఇంట్లోనే చూసుకోగలిగినవి

అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పెద్దవాళ్ల కోసం వాడే మూడు పరీక్షలు మన హాల్లోనే చేయొచ్చు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే కాళ్లలో బలం చాలనట్టు. మూడోది, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్లు తాకేలా ఒకే గీత మీద 10 సెకన్లు నిలబడగలగాలి. ఇవి చేసేటప్పుడు మీరు చెయ్యి అందేంత దగ్గర్లో ఉండాలి, ఫోన్‌లో వీడియో తీస్తూ కాదు.

ఈ అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రెండు నెలల తర్వాత ఫిజియో "చాలా ఇంప్రూవ్‌మెంట్ ఉంది" అన్నప్పుడు ఎంత అని అడగడానికి పనికొస్తాయి.

ఇంటికొచ్చే ఫిజియో

బెంగళూరులో ఇది బాగా అలవాటైపోయింది. కుందలహళ్లి నుంచి జయనగర్‌కి కారులో వెళ్లి వచ్చేసరికి 78 ఏళ్ల మనిషికి ఉన్న ఓపిక కాస్తా అయిపోతుంది, ఇక వ్యాయామం ఏం చేస్తారు? ఏరియాని బట్టి, అనుభవాన్ని బట్టి సిట్టింగ్‌కి సుమారు 600 నుంచి 1000 రూపాయల దాకా తీసుకుంటున్నారు.

ఓపిక మిగలడం కంటే పెద్ద లాభం ఒకటుంది. పడిపోయేది ఇంట్లోనే కాబట్టి, ఆ ఇంటినే చూస్తారు. బాత్రూమ్‌లో తడి చోటుకీ పొడి చోటుకీ మధ్య ఉన్న చిన్న గట్టు, బాల్కనీ తలుపు కింద అల్యూమినియం పట్టీ, నున్నటి టైల్స్ మీద జారే డోర్‌మ్యాట్, రాత్రి మంచం దిగి స్విచ్చి దాకా వెళ్లాల్సిన నాలుగడుగులు. మంచి ఫిజియో మొదటి రోజు సగం సమయం వీటికే ఇస్తారు. మొదటి రోజే బ్యాగులోంచి మెషీన్ తీసి మోకాలికి కరెంట్ పెడితే మాత్రం ఆలోచించుకోండి.

కరెంట్ గురించి తేల్చి చెప్పేస్తాను. టెన్స్, ఐఎఫ్‌టీ అనే కరెంటు మెషీన్లు, చికిత్సకి వాడే అల్ట్రాసౌండ్ లాంటివి నొప్పికి కొంత ఉపశమనం ఇస్తాయేమో గానీ బ్యాలెన్స్‌ని పెంచవు. మోకాలి నొప్పి వల్ల వ్యాయామమే చేయలేకపోతుంటే పది నిమిషాలు పెట్టుకోవచ్చు. నలభై నిమిషాల సిట్టింగ్‌లో ముప్పై నిమిషాలు అదే అయితే మీరు కడుతున్నది కరెంటు బిల్లు. పెద్దవాళ్లకి అది ఇష్టం, పడుకుంటే చాలు, ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది. మాకూ సులువు. అందుకే ఇంతగా నడుస్తోంది.

ఇంటి ఫిజియోలో లోటు, సరంజామా తక్కువ. మెట్లు, ఫోమ్ ప్యాడ్, ప్యారలల్ బార్లు ఉండవు. చాలామందికి వాటి అవసరం రాదు. వంటింటి గట్టు, చేతుల్లేని కుర్చీ, కాలికి కట్టుకునే ఇసుక బరువులు, గోడ మూల, ఇవి చాలు.

భాష కూడా చూసుకోండి. హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్లకి కన్నడం ఇబ్బంది కాదు. గుంటూరు, ఏలూరు నుంచి వచ్చిన అమ్మకి "నిధానవాగి" (నెమ్మదిగా) అంటే అర్థం కాదు, వచ్చిన అమ్మాయి మలయాళీ అయితే ఇద్దరి మధ్యా సైగలే మిగులుతాయి. కాలు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు ఆగాలి అన్నది స్పష్టంగా తెలియకపోతే భయం పెరుగుతుంది. తెలుగు వచ్చిన ఫిజియో దొరక్కపోతే మొదటి రెండు మూడు సిట్టింగులకి ఇంట్లో ఒకరు పక్కనుండాలి.

రోజూ రావాలా?

ఇక్కడే చాలామంది డబ్బు వృథా అవుతుంది. వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూచి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2019లో వెలువడింది. అది 108 పరిశోధనల్నీ 23 వేల పైచిలుకు పెద్దవాళ్లనీ కలిపి చూస్తే, వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గాయని తేలింది. బ్యాలెన్స్ వ్యాయామాలకి బలాన్ని పెంచేవీ తోడైతే ఆ తగ్గుదల 34 శాతం దాకా కనిపించింది. నడక ఒక్కదాని విషయంలో స్పష్టమైన లాభం తేలలేదు. 2017 నాటి ఇంకో సమీక్షలో, బ్యాలెన్స్‌ని నిజంగా పరీక్షించే వ్యాయామం వారానికి మూడు గంటలకు మించి చేసిన చోట ఫలితం ఎక్కువగా ఉంది.

ఇప్పుడు లెక్క వేయండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంట వస్తే గంటన్నర. మూడు గంటలు ఫిజియో చేతుల మీదుగానే అవ్వాలంటే ఖర్చు రెట్టింపు, అదీ నెలల తరబడి. అంటే ఫిజియో లేని రోజుల్లో ఏం చేస్తున్నారన్నదే అసలు సంగతి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన ఒటాగో కార్యక్రమం ఈ సూత్రం మీదే నడుస్తుంది. మొదటి రెండు నెలల్లో నాలుగైదుసార్లు ఇంటికొచ్చి నేర్పుతారు, బరువులు పెంచుతారు, తర్వాత ఫోన్‌లో కనుక్కుంటూ ఉంటారు. పెద్దవాళ్లు వారానికి మూడుసార్లు అరగంట వ్యాయామం, రెండుసార్లు నడక సొంతంగా చేసుకుంటారు.

అందుకే నా సలహా: సిట్టింగ్ 700 అనుకుంటే, వరసగా 20 రోజులు పిలిపించి 14,000 ఖర్చుపెట్టి ఆపేయడం కంటే, ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు పిలిపించి 5,600 పెట్టడం మేలు. ఆపేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో కరిగిపోతుంది. తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత, పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో ఈ లెక్క వర్తించదు. అప్పుడు రోజూ కావాల్సిందే, కొందరికి రిహాబ్ సెంటర్‌లో ఉండి చేయించుకోవడమే సరైంది.

క్లినిక్‌కి వెళ్లడం

మనిషి ఒక మాదిరిగా నడవగలిగితే, క్లినిక్ దగ్గర్లో ఉంటే, నేను క్లినిక్ వైపే మొగ్గుతాను. ఇంటి కంటే ఖర్చు తక్కువ పడుతుంది. బయటికి రావడం, ఆటో ఎక్కి దిగడం, నలుగురిని చూడడం కూడా చికిత్సలో భాగమే. మన ఫుట్‌పాత్‌ల మీద రాతి పలకలు లేచి ఉంటాయి, ఎవరో స్కూటర్ ఎక్కించేస్తారు. వాటి మీద నడవడం ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందే, మనిషి తోడుండగానే నేర్చుకోవడం నయం.

వెళ్లేముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఒక ఫిజియో ఒకేసారి ఎంతమందిని చూస్తారు?" నాలుగు మంచాల మీద నలుగురిని పడుకోబెట్టి ఒక్కరే తిరుగుతుంటే బ్యాలెన్స్ వ్యాయామం కుదరదు. ఇందులో ఫిజియో పక్కనుంచి కదలకూడదు.

మంచి సిట్టింగ్ ఎలా ఉంటుందంటే: పెద్దాయన గట్టుకి అర అడుగు దూరంలో, ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడి ఉంటారు. వేళ్ల కొసలు మాత్రమే గట్టు మీద. ఫిజియో కాస్త వెనకగా, పక్కగా, ఒక చెయ్యి నడుముకి కట్టిన బెల్టు దగ్గర. "ఇప్పుడు వేళ్లు తీసేయండి." పాదాలు చిన్నగా ఊగుతాయి, చీలమండలు పనిచేయడం కంటికి కనిపిస్తుంది. అది కుదిరాక తల అటూ ఇటూ తిప్పమంటారు. అదీ కుదిరాక చేతికి నీళ్లున్న స్టీలు గ్లాసు ఇచ్చి నడవమంటారు. నేనైతే ఫాల్గుణం నుంచి చైత్రం దాకా తెలుగు నెలలు వెనక్కి చెబుతూ నడవమంటాను. పుష్యం దగ్గరకొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు, నోరు కాదు, కాళ్లు. మాట్లాడుతూ నడవలేని మనిషి రోడ్డు మీద ఫోన్ మోగితే పడిపోతాడు, కాబట్టి అదీ సాధన చేయాలి.

కొంచెం ఊగాలి, పడకూడదు. ఆ అంచు మీద చేయిస్తేనే బ్యాలెన్స్ పెరుగుతుంది. సిట్టింగ్ మొత్తం కూర్చునీ పడుకునీ కాళ్లు ఆడించడంతో గడిచిపోతుంటే, అది ఇంట్లోదైనా క్లినిక్‌లోదైనా, మార్చేయండి.

పెద్ద ఆసుపత్రి ఎప్పుడు?

రెండు మూడుసార్లు ఎప్లీ చేసినా తగ్గకపోతే, తూలుతో పాటు వినికిడి తగ్గినా, చెవిలో హోరు ఉన్నా, పరీక్షల్లో ఏ రకమో తేలకపోయినా ఈఎన్‌టీ విభాగంలో వెస్టిబ్యులర్ పరీక్షలు, అంటే లోపలి చెవి బ్యాలెన్స్ పరీక్షలు చేసే చోటికి వెళ్లాలి. అక్కడ కెమెరా ఉన్న కళ్లజోడు పెట్టి, కనుగుడ్ల కదలికని తెర మీద చూస్తారు. చెవి నరం ఒక పక్క దెబ్బతిందని తేలితే దానికి ప్రత్యేకమైన వ్యాయామాలుంటాయి: చూపు ఒక అక్షరం మీద నిలిపి తల తిప్పడం లాంటివి. వీటితో మొదట్లో తల తిరుగుడు కాస్త ఎక్కువవుతుంది. భయపడి మానేస్తే లాభం రాదు.

పార్కిన్సన్స్, పక్షవాతం, వెన్నుపూస సమస్యల అనుమానం ఉంటే హోసూరు రోడ్డులో మెదడు, నరాలు, మానసిక జబ్బులు చూసే నిమ్‌హాన్స్ ఆసుపత్రి ఉంది, న్యూరలాజికల్ రిహాబిలిటేషన్ విభాగం కూడా అక్కడే. జనం ఎక్కువ, ఒక రోజు పూర్తిగా కేటాయించుకుని పొద్దున్నే వెళ్లాలి. షుగర్, బీపీ, కీళ్లు, మతిమరుపు, డజను మాత్రలు అన్నీ కలిసి ఉన్నవాళ్లకి వృద్ధుల వైద్య విభాగం మంచిది. కోరమంగల దగ్గరి సెయింట్ జాన్స్‌లో అలాంటి విభాగం ఉంది. నలుగురు స్పెషలిస్టుల మధ్య తిరిగి మాత్రలు పెంచుకోవడం కంటే, అన్నీ ఒకరే కూర్చుని చూసి కొన్ని తీసేయడం కొందరి తూలుకి సగం మందు.

ఖరీదైన బ్యాలెన్స్ మెషీన్లు, తెర మీద ఆటలు ఉన్న చోట్లు కూడా నగరంలో ఉన్నాయి. ఆసక్తి నిలబెట్టడానికి బాగుంటాయి. మామూలు వ్యాయామం శ్రద్ధగా చేస్తున్న మనిషికి అవి తప్పనిసరి అని మాత్రం నేను అనను. ఒక విషయం గుర్తుంచుకోండి: ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోకి చాలా ఆరోగ్య బీమా పాలసీలు డబ్బు ఇవ్వవు. ముందే కనుక్కోండి.

పార్కు, యోగా, వీడియో కాల్

లాల్‌బాగ్‌లో రోజూ రెండు రౌండ్లు వేస్తున్నాను కదా అంటారు. వేయండి, గుండెకి మంచిది. బ్యాలెన్స్‌కి అది చాలదు. ఇప్పటికే రెండుసార్లు పడిన మనిషిని ఒంటరిగా వేగంగా నడవమనడం ప్రమాదం కూడా.

గుంపుగా చేసేవాటిలో తాయ్ చీ వల్ల పడిపోవడాలు తగ్గుతాయని పరిశోధనలున్నాయి. మన దగ్గర యోగా దొరికినంత తేలిగ్గా అది దొరకదు. యోగా టీచర్ గోడ పక్కన ఒంటి కాలి మీద నిలబెట్టేవాళ్లయితే, కుర్చీ ఆసరాతో లేచి కూర్చోబెట్టేవాళ్లయితే సంతోషంగా పంపండి. క్లాసంతా ప్రాణాయామమే అయితే మనసుకి హాయి, పిక్కలకి లాభం లేదు. ఇప్పటిదాకా పడనివాళ్లకీ, ఇంటి పరీక్షల్లో అంకెలు బాగున్నవాళ్లకీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నలుగురితో కలిసి చేసే క్లాసే అన్నిటికంటే నిలుస్తుంది. ఒక రోజు రాకపోతే పక్క బ్లాక్ ఆంటీ ఫోన్ చేస్తుంది మరి.

వీడియో కాల్‌లో మొదటి పరీక్ష వద్దు. హోంవర్క్ సరిచూడడానికి బాగా పనికొస్తుంది. ఇక్కడ తెలుగు ఫిజియో దొరకనివాళ్లు, మొదటి పరీక్ష ఇక్కడే చేయించుకుని, తర్వాత విజయవాడలోనో తిరుపతిలోనో ఉన్నవాళ్లతో వీడియోలో కొనసాగించడం మంచి మధ్యేమార్గం. కాల్ నడుస్తున్నంతసేపూ పక్కన ఒక మనిషి ఉండాలి. యూట్యూబ్ చూసి ఎప్లీ చేయడం మాత్రం వద్దు. ఏ చెవో, ఏ నాళమో తెలియకుండా తల తిప్పితే స్ఫటికాలు ఇంకో నాళంలోకి పోవచ్చు.

కర్ర, వాకర్, అటెండర్

కర్ర పట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లే ఎక్కువ. నొప్పిగానో బలహీనంగానో ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. ఎత్తు, చెయ్యి వదులుగా వేలాడదీసినప్పుడు మణికట్టు మడత దగ్గరికి రావాలి. కింద రబ్బరు అరిగితే నున్నటి టైల్ మీద కర్రే జారుతుంది, మార్చుకోవాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి ఎత్తి పెట్టే వాకర్ చిక్కు, ముందు చక్రాలున్నది నయం. రెండు రకాలూ ఫిజియో ముందు నడిచి చూశాకే కొనండి. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు గోడకి డ్రిల్ చేసి బిగించినవే ఉండాలి. గాలితో అతుక్కునేవి మనిషి బరువుకి ఊడి వస్తాయి.

అటెండర్‌ని పెట్టుకుంటే ఫిజియో అక్కర్లేదనుకోవడం కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. ఆ అమ్మాయి పొద్దస్తమానం చెయ్యి పట్టుకునే నడిపిస్తే ఉన్న బ్యాలెన్స్ కూడా పోతుంది. ఫిజియో వచ్చినప్పుడు అటెండర్‌నీ నిలబెట్టి నేర్పించండి: ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు చెయ్యి దగ్గర పెట్టి వదిలేయాలి.

మరి మీ ఇంట్లో ఎవరికి ఏది?

పక్క మీద తిరిగితే గిర్రుమంటోందంటే, తల వాల్చి కళ్లు చూసే ఆ పరీక్ష, ఎప్లీ వచ్చిన ఫిజియో దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో ఈ వారమే. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారిన, ఒక్కసారైనా పడిన మనిషికి మొదట ఇంటికొచ్చే ఫిజియో, రెండు నెలలకి క్లినిక్. కుర్చీలోంచి లేవడానికి ఆపసోపాలు పడే అమ్మకి నెలకి రెండు మూడు సిట్టింగులు, మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్ల కాపలాలో హోంవర్క్. అడుగులు రాసుకుంటున్న నాన్నకి న్యూరాలజిస్ట్, ఆయన చెప్పాక ఆ జబ్బులో అనుభవం ఉన్న ఫిజియో. ఎవరిని పెట్టుకున్నా ముందు ఒక్క సిట్టింగ్‌కే డబ్బు కట్టండి, ప్యాకేజీ తర్వాత.

అన్నిటికీ "నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను" అనే నాన్నలుంటారు. ఫిజియో అన్న మాటే ఎత్తొద్దు. సాయంత్రం టీవీలో వార్తలు చూసేటప్పుడు సోఫా తీసి, చేతుల్లేని డైనింగ్ కుర్చీ గోడకి ఆనించి వేయండి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఐదుసార్లు లేచి కూర్చోవాలని పందెం కట్టండి, మీరూ పక్కన కుర్చీ వేసుకుని చేయండి. మన తెలుగు న్యూస్ ఛానళ్లలో ప్రకటనలకి కొదవ లేదు, గంటకి ముప్పైసార్లు తేలిగ్గా అవుతుంది. మూడు వారాల తర్వాత 30 సెకన్ల లెక్క మళ్లీ పెట్టండి. అంకె పెరిగిందని ఆయనే నలుగురికీ చెప్పుకునే రోజున ఫిజియోకి ఫోన్ చేయండి.